అద్దం బ్యాకప్ కాదు మహాప్రభో!

"మిర్రరింగ్ ఉంది కదా, ఇంకేం భయం?"

ఈ మాట అనేవాళ్లందర్నీ ఒక్క పూట ఇస్నాపూర్ తీసుకెళ్లి ఓ చిన్న ఫ్యాక్టరీ సర్వర్ ముందు కూర్చోబెట్టాలని ఉంది. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ముందు నేనే కూర్చోవాల్సొచ్చింది.

సంగతేంటంటే... పాశమైలారంలో తెలిసినవాళ్ల యూనిట్ ఒకటుంది. 2020లో వాళ్లకి సర్వర్ పెట్టింది నేనే. సెంటాస్ 7, ఒక్కోటి టెరాబైట్ ఉన్న రెండు డిస్కులు, సాఫ్ట్‌వేర్ రెయిడ్ వన్. హాజరు, ఓవర్‌టైమ్, స్టోర్స్ లెక్కలన్నీ అందులోనే. "ఒక డిస్కు పోయినా రెండోది ఉంటుంది సార్" అని ఓనరు గారికి ధైర్యం చెప్పి, వాళ్లు పెట్టిన బిర్యానీ తిని వచ్చేశాను. మళ్లీ అటు చూస్తే ఒట్టు.

ఈమధ్య ఒక పొద్దున స్టోర్స్ కుర్రాడి ఫోన్. "అన్నా, రాత్రి కరెంట్ పోయొచ్చినంక సర్వర్ లేచింది గానీ, ఏడు నెలల కిందటి లెక్కలు చూపిస్తుంది. రెండు డిస్కులు మంచిగనే ఉన్నయంటుంది."

ముత్తంగి దగ్గర రింగ్ రోడ్డు దిగి, ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య ఇరుక్కుని చేరేసరికే నాకు సగం అర్థమైపోయింది.

జరిగింది ఇదీ. ఏడు నెలల కిందట మొదటి డిస్కు కేబుల్ వదులై అర్రేలోంచి జారిపోయింది. అప్పట్నించీ రాసిందంతా రెండో డిస్కులోకే. ఆ రాత్రి కరెంట్ తిరిగొచ్చాక రెండోది మొండికేసింది, మొదటిది లేచింది! జారిపోయిన సంగతి మొదటి డిస్కుకి తెలీదు. దాని సూపర్‌బ్లాక్ ప్రకారం అంతా క్షేమమే. సిస్టమ్ కాసేపు జోడీ కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి ఆ పాత డిస్కుతోనే బూటయింది.

కుర్రాడు రెండో డిస్కుని తీసి మళ్లీ బిగించాడు. యాడ్ చెయ్యబోతే ఎండీఆడమ్ ఒప్పుకోలేదు. ఈ డిస్కు తాను ఇప్పటికే సభ్యుణ్ణని చెప్పుకుంటోంది, తప్పదంటే ముందు సూపర్‌బ్లాక్ చెరుపు అంది. నిజానికి అది చావుకేక. మనవాడికి మాత్రం పరిష్కారంలా కనిపించింది. జీరో సూపర్‌బ్లాక్ కొట్టి యాడ్ చేశాడు. దాదాపు మూడు గంటలు శ్రద్ధగా సింక్ అయింది. పాత డిస్కులోంచి కొత్త డేటా ఉన్న డిస్కు మీదకి! చివర్లో ఎండీస్టాట్‌లో చక్కగా రెండు 'యూ'లు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

కుర్రాణ్ణి తిట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఏడు నెలలు ఒంటికాలి మీద నడిచిన సర్వర్ ఎవరికీ చెప్పలేదా? చెప్పే ఉంటుంది. మానిటర్ పని మెయిల్ పంపడం. కాన్ఫిగ్‌లో చిరునామా 'రూట్' అని డిఫాల్ట్‌గా ఉంటే, ఆ మహానుభావుడు దాన్ని అలాగే వదిలేశాడు. ఎవరో చెప్పక్కర్లేదుగా! ఆ మెయిళ్లు పడ్డది కూడా రెండో డిస్కులోనే. హెచ్చరికలు కూడా డేటాతోనే సహగమనం చేశాయి.

ఇది చిన్న ఊళ్ల రోగం అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున వేరే సర్వర్ మీద డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. చూస్తే బ్యాకప్ చాన్నాళ్లుగా ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు గడప దగ్గరే తిరస్కరణకి గురవుతున్నాయి. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడితే, ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి. బయట కాపీ లేదు.

అద్దం చేసేది ఒక్కటే పని: ముందున్నదాన్ని చూపించడం. మీ మొహానికి మసి అయితే అద్దంలోనూ మసే. ఫైలు చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుగుతుంది. వైరస్ పట్టినా అంతే. డిస్కు చస్తే పని ఆగకుండా ఉండడానికే మిర్రర్. నిన్నటి డేటా వెనక్కి తెచ్చుకోడానికి కాదు.

"చిన్న కంపెనీకి ఇవన్నీ ఎందుకండీ, ఖర్చు" అంటారు. పోయిన లెక్క ఎవరిదో చూడండి. బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కార్మికుల రెండు నెలల ఓటీ అందులోనే ఉంది. పంచింగ్ మెషీన్‌లో ఉందేమో అనుకుంటే, డౌన్‌లోడ్ అవగానే చెరిపేసేలా సెట్ చేసి ఉంది. చివరికి ఒక ముఠాని కాపాడింది వాళ్ల మేస్త్రీ జేబులో నోటుపుస్తకం. పేరు, తేదీ, గంటలు. కంప్యూటర్‌ని నమ్మక రాశావా అంటే, "కాదు సాబ్, సూపర్‌వైజర్‌ని నమ్మక" అన్నాడు. నోటుపుస్తకం లేని రెండో ముఠాకి అందాజాగా లెక్కగట్టి ఇచ్చారు. ఎక్కువిచ్చారనైతే ఎవరూ అనలేదు.

ఇంకో మాట. 2025 జూన్ 30న ఇదే పాశమైలారంలో సిగాచీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లే దొరకలేదు. మావాడు ఎక్కడ అని కుటుంబాలు గేటు బయట అడిగాయి. హాజరు పట్టీ అంటే జీతం లెక్క మాత్రమే కాదు, లోపల ఎవరున్నారో చెప్పే కాగితం. దాన్ని ఒకే గదిలో, ఒకే పెట్టెలో ఉంచి, పక్కన అద్దం పెట్టి భద్రం అనడం ఇంజినీరింగ్ కాదు.

కాబట్టి బాబూ, మిర్రర్ విరిగితే ముందు చేతులు కట్టుకోండి. రెండు డిస్కుల్నీ విడివిడిగా ఎగ్జామిన్ చెయ్యండి. ఈవెంట్స్ అంకె, అప్‌డేట్ టైమ్ చూడండి. ఎక్కువున్నదే తాజాది అనుకున్నా తొందరపడకండి, దాన్ని మూడో డిస్కులోకి కాపీ తీశాకే సింక్ మొదలుపెట్టండి. ఎండీఆడమ్ వద్దంటే, ఎందుకు వద్దంటోందో తెలిసేదాకా బలవంతం చెయ్యకండి. బయట ఇంకోచోట ఒక కాపీ ఉంచండి, నెలకోసారి దాన్నుంచి ఒక ఫైలైనా వెనక్కి తెచ్చి చూడండి. మానిటర్‌లో టెస్ట్ ఆప్షన్ ఉంది, మెయిల్ మనిషికి చేరుతోందో లేదో అది చెప్తుంది. అన్నట్టు, సెంటాస్ 7 కి 2024 జూన్‌తోనే నూకలు చెల్లాయి, ఇంకా ఉంటే మార్చండి.

సాయంత్రం చాయ్ తాగే ముందు, మీరెప్పుడో "హెల్ప్" చేసి మర్చిపోయిన సర్వర్‌లో ఎండీస్టాట్ ఒకసారి చూడండి. ఒక 'యూ', ఒక అండర్‌స్కోర్ కనిపిస్తే చాయ్ పక్కన పెట్టండి.