తాటివనంలో వారసత్వం

ద్రాక్షసారాకి వయసే అందం. ఫ్రాన్సులోనో ఇటలీలోనో తాత పీపాల్లో పోసి నేలమాళిగలో దాచిన వైన్‌ని మనవడు గర్వంగా అమ్ముకుంటాడు. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ తాతల నాటి నుంచి ఇంటిపనిగా సాగుతున్న పానీయం ఒకటుంది. కాకపోతే దానికి పీపా లేదు, నేలమాళిగ లేదు. తెల్లారి దించింది పొద్దుగూకేసరికి పులిసిపోతుంది. అదే తాటికల్లు!

చెట్టు రైతుది... గీత గౌడన్నది

ఎర్రటి చెల్క నేలలు, అంతంతమాత్రం వానలు. అలాంటిచోట పొలంగట్ల మీద ధీమాగా నిలబడేది తాటిచెట్టే. చాలాచోట్ల చెట్టు రైతుది, గీసేది గౌడన్న. అందుకు సొసైటీలో సభ్యత్వమైనా, చెట్టు గీసే లైసెన్సయినా ఉండాలి. వైన్ కుటుంబాలకు తోటలుంటాయి. గౌడన్నకు ఉన్న ఆస్తి మోకు, ముస్తాదు, అయ్య నేర్పిన పని. అంతే!

తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. పూతకొచ్చేదాకా అది పోతుతాడో పండుతాడో కూడా తెలియదు. అంటే, తండ్రి కాలంలో మొలిచిన చెట్టు కొడుకు చేతికి అందుతుందన్నమాట.

కల్లు కాండం నుంచి రాదు, గెల నుంచి కారుతుంది. గెలను నొక్కి మెత్తబరిచి, చివర రోజూ పలుచగా చెక్కితే బొట్టు బొట్టుగా లొట్టిలోకి దిగుతుంది. ఎక్కువ చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే ధార ఆగిపోతుంది. ఆ కొలత చేతికి తెలియాల్సిందే. పోతుతాటిది ఒక రుచి, పండుతాటిది మరో రుచి. చలికాలంలో దొరికే ఈతకల్లు సంగతి వేరే!

లోపల సున్నం పూసిన లొట్టిలో పట్టి, ఎండ పడకముందే దించితే పులియని తియ్యటి నీరా. అదే రసాన్ని మామూలు లొట్టిలో వదిలేస్తే సహజంగా చేరే ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నురగలు కక్కే కల్లవుతుంది. మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది.

అరవై అడుగుల ఎత్తున

కాటమయ్యను తలచుకుని చెట్టెక్కడం గౌడన్నల అలవాటు. నడుముకు మోకు, పాదాలకు బంధం... రోజూ పొద్దున, సాయంత్రం అరవై డెబ్బై అడుగుల ఎత్తుకు! వానకు కాండం తడిసినా, కాలు పట్టు తప్పినా ప్రాణానికే ముప్పు. ఇలా పడిపోయి మంచానికే పరిమితమైనవారు ఎన్నో ఊళ్లలో కనిపిస్తారు. ఈ ప్రమాదాలు తగ్గించేందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీ ప్రారంభించింది.

చెట్టు నుంచి జారితే ఒక ఇల్లే కూలుతుంది. కల్తీ మాత్రం ఊరినే ముంచుతుంది. చెట్టు కల్లు చాలనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్మేవాళ్లు తయారయ్యారు. అది అలవాటైన మనిషికి ఒక్కరోజు అందకపోతే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మతి చలిస్తుంది. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమయ్యాక ఇలాంటి బాధితులు తెలంగాణలోని ఆసుపత్రులకు వరసకట్టారు. చెడ్డపేరు మాత్రం నిజాయతీగా చెట్టెక్కే గౌడన్నకూ అంటుకుంది.

2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరుచుకుంది. పట్నంలో పిల్లాపాపలతో వెళ్లి నీరా రుచి చూసే వీలు కలిగింది. మంచిదే! కానీ ఆ గ్లాసు నిండాలంటే ఎక్కడో ఒక గట్టు మీద ఎవరో ఒకరు చీకటితోనే చెట్టెక్కాలి. ‘ఈ కష్టం నాతోనే పోనీ’ అనుకుని కొడుకుని పట్నం చదువుకి పంపే తండ్రిని తప్పుపట్టలేం. ఆ కొడుకు తిరిగొచ్చి మోకు అందుకోవాలంటే రెండే రెండు కావాలి... క్షేమంగా దిగుతానన్న ధీమా, దించిన చెట్టు కల్లుకు సరైన ధర.