కుర్చీ వదలని అధ్యక్షులకూ నిబంధన వర్తించాలి

ఎన్నికల్లో ఓడినా గద్దె దిగనని గాంబియా అధ్యక్షుడు యాహ్యా జామే మొండికేసినప్పుడు పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ముందు మధ్యవర్తులను పంపింది. మాట వినకపోయేసరికి 2017 జనవరిలో సెనెగల్ ముందుండగా సేనలను సరిహద్దు దాటించింది. గెలిచిన అదామా బారో సెనెగల్ రాజధాని డాకార్‌లోని తమ దేశ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేసిన రెండు రోజులకే జామే దేశం విడిచిపోయాడు. యుద్ధం జరగలేదు. ఆరేళ్ల తర్వాత అదే కూటమి నైజర్‌లో చతికిలబడింది. 2023 జులై 26న సైన్యం అధ్యక్షుడు మొహమద్ బజూమ్‌ను నిర్బంధిస్తే, వారం గడువిచ్చి బలప్రయోగం తప్పదని హెచ్చరించింది. గడువు దాటినా సేన కదల్లేదు. సరిహద్దులు మూశారు, నైజీరియా కరెంటు ఆపేసింది. ఆ దెబ్బ సైనిక పాలకులకన్నా మామూలు జనానికే ఎక్కువ తగిలింది. చివరికి సైనిక పాలనలో ఉన్న మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో కూటమి నుంచే వెళ్లిపోయాయి.

గాంబియా చిన్న దేశం, మూడు వైపులా సెనెగలే, అందుకే అక్కడ పని సులువైందని కొందరంటారు. అది నిజమే. కానీ నైజర్ నాటికి ఎకోవాస్ పోగొట్టుకున్నది మరొకటుంది, అది ప్రజల నమ్మకం. 2020లో గినీ అధ్యక్షుడు ఆల్ఫా కోండే రాజ్యాంగం మార్చి మూడోసారి గద్దెనెక్కితే కూటమి అడ్డుపడలేదు. మరుసటి ఏడాది సైన్యం ఆయన్ను దించినప్పుడు మాత్రం గినీ సభ్యత్వాన్ని వెంటనే సస్పెండ్ చేసింది. అప్పటికే రాజధాని కోనాక్రీ వీధుల్లో జనం సంబరాలు చేసుకుంటున్నారు. తుపాకీతో అధికారం లాక్కోవడం నేరమే. రాజ్యాంగాన్ని తిరగరాసి అధికారం అట్టేపెట్టుకోవడం ఆ నేరానికి దారి వేస్తుంది. మొదటిదాన్ని శిక్షించి రెండోదాన్ని చూడనట్టు ఉండే సంస్థను అధ్యక్షుల సంఘమని జనం అనుకుంటే తప్పెవరిది? రెండుసార్లకు మించి ఎవరూ పదవిలో ఉండరాదన్న ప్రతిపాదన 2015లో ఎకోవాస్ ముందుకు వచ్చింది. టోగో, గాంబియా ఒప్పుకోలేదు, దాంతో అది అటకెక్కింది.

ఇలాంటి ప్రాంతీయ సంస్థలకు అసలు లోటు డబ్బుదేనన్న వాదనను కొట్టిపారేయలేం. 2007 నుంచి సోమాలియాలో ఆఫ్రికన్ యూనియన్ సేనలు నిలబడ్డాయంటే సైనికుల భత్యాలకు యూరప్ ఇచ్చిన నిధులే పెద్ద ఆధారం. ఇలాంటి ఆపరేషన్ల ఖర్చులో 75 శాతం దాకా ఐక్యరాజ్యసమితి భరించేందుకు భద్రతా మండలి 2023లో దారి తెరిచింది, అది అమలు కావాలి. అయితే బురుండీలో అడ్డుపడింది డబ్బు కాదు. అధ్యక్షుడు పియెర్ ఎన్‌కురుంజిజా మూడోసారి పదవికి పట్టుబట్టడంతో హింస చెలరేగగా, 5,000 మందిని పంపాలని ఆఫ్రికన్ యూనియన్ శాంతి భద్రతా మండలి 2015 డిసెంబరులో నిర్ణయించింది. మరుసటి నెలలోనే దేశాధినేతలు వెనక్కి తగ్గారు. తోటి అధ్యక్షుడి మీదికి వెళ్లే చొరవ వారికి లేకపోయింది.

పదవీకాలం ఆయా దేశాల సొంత వ్యవహారమన్న అభ్యంతరం నిలవదు. ఎన్నికలకు ముందు ఆరు నెలల్లో విస్తృత అంగీకారం లేకుండా ఎన్నికల చట్టాలను గణనీయంగా మార్చకూడదని ఎకోవాస్ సభ్యదేశాలే 2001లో ఒప్పందం రాసుకున్నాయి. ఆ గీత గీసినవాళ్లు మరో అడుగు వేయలేరా? ఈ సంస్థలను వదిలేసి పెద్ద దేశాలకు అప్పగిద్దామంటే, ఫ్రాన్స్ సేనలూ ఐరాస శాంతిదళమూ ఏళ్లతరబడి ఉండి వెళ్లిన మాలిలో నెత్తురు ఇంకా ఆగలేదు. మరోవైపు ఇథియోపియాలో టిగ్రే యుద్ధాన్ని ఆపిన 2022 నాటి ప్రిటోరియా ఒప్పందం ఆఫ్రికన్ యూనియన్ మధ్యవర్తిత్వంలోనే కుదిరింది. 2015లో అటకెక్కిన ఆ ప్రతిపాదనను ఎకోవాస్ మళ్లీ సభ ముందు పెట్టాలి, ఈసారి అడ్డుచెప్పే అధ్యక్షులెవరో ప్రజలకు తెలిసేలా ఓటింగు జరపాలి.