దేవుని సేవకుడు సంఘానికి లెక్క చెప్పాలి

క్రైస్తవంలో దేవుని సేవకుడంటే దేవుని పేరట మనుషులకు పరిచర్య చేసేవాడు. యెషయా గ్రంథంలోని సేవకుడు కేకలు వేయడు, ఆర్భాటం చేయడు. పరుల దోషాన్ని తన మీద వేసుకుని నలిగిపోతాడు. యేసు చివరి రాత్రి భోజనం దగ్గర లేచి, నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడని యోహాను సువార్త చెబుతుంది. ఆనాడు అది ఇంటి దాసుల పని. పేతురు ముందు ఒప్పుకోకపోవడానికి కారణం అదే. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగరీ తనను దేవుని సేవకులకు సేవకుడినని రాసుకున్నాడు. కతోలిక సంఘం ‘దైవసేవకుడు’ అన్న పేరును మనిషి చనిపోయాక, అతని జీవితంపై విచారణ మొదలుపెట్టినప్పుడే ఇస్తుంది. 1945లో కృష్ణా జిల్లా పెదావుటపల్లిలో కన్నుమూసిన జోసెఫ్ తంబికి ఆ పేరు అలాగే వచ్చింది. బతికుండగానే ఫ్లెక్సీల మీద ‘మహా దైవజనులు’ అని వేయించుకునేవారికి ఈ విచారణతో పని లేదు.

తెలుగునాట స్వతంత్ర సంఘాలు పెరిగిన కొద్దీ సేవకుడి స్థానం మారింది. చాలా చోట్ల మందిరం స్థలం పాస్టరుగారి పేరు మీదే ఉంటుంది. కానుకల లెక్క ఆయన ఇంట్లోనే తేలుతుంది. ఆయన తర్వాత పీఠం కుమారుడిదో అల్లుడిదో అవుతుంది. పాత మిషన్ సంఘాల్లో కమిటీలు, ఆడిట్లు ఉన్నా ఎన్నికల తగాదాలు, ఆస్తుల వ్యాజ్యాలు కోర్టుకెక్కుతూనే ఉన్నాయి. దీనికి మరో పక్క కూడా ఉంది. పల్లెల్లో ఎందరో పాస్టర్లకు ఇంత అని జీతం లేదు. ముసలితనంలో ఆసరా లేదు. పాస్టరమ్మగారు కుట్టుమిషను తొక్కితే గాని ఇల్లు గడవని కుటుంబాలున్నాయి. ఒకరు పెత్తనం చేయడానికి, మరొకరు పస్తులుండడానికి మూలం ఒకటే: సంఘానికీ సేవకుడికీ మధ్య రాతపూర్వకమైన ఏర్పాటు ఏదీ లేదు. లెక్క లేని చోట నిజాయితీగల సేవకుడికి కూడా నింద తప్పదు. తాను తినలేదని చూపడానికి ఆయన దగ్గర కాగితం ఉండదు.

లెక్క అడిగితే వచ్చే మొదటి జవాబు, అభిషిక్తుణ్ణి ముట్టకూడదని. ఆ మాట 105వ కీర్తనలో ఉంది. కొద్దిమందిగా, పరదేశులుగా తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను రాజుల చేతుల్లో పడకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. కానుకల పుస్తకం సంగతి అందులో లేదు. అభిషిక్తుడి మీద చెయ్యెత్తనన్న దావీదే ఏన్గెదీ గుహ బయటికి వచ్చి, తనను తరుముతున్న రాజు సౌలును పిలిచి, అతను చేస్తున్న అన్యాయాన్ని మొహం మీదే చెప్పాడు. తర్వాత దావీదే అభిషిక్తుడైన రాజుగా తప్పు చేసినప్పుడు ప్రవక్త నాతాను వెళ్లి నిలదీశాడు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందే గద్దించాడు. వృద్ధుడైన సమూయేలు మరో అడుగు ముందుకు వేశాడు: ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను, చెప్పమని జనాన్ని తానే అడిగాడు. సమూయేలు గ్రంథం మొదట్లో ఏలీ కొడుకులు, బలి మాంసంలోకి కొంకి దింపించి పైకి వచ్చిందల్లా లాక్కున్నవాళ్లు, యాజకులే.

రెండో జవాబు, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని. ఆ ఉపదేశం ఇచ్చేవాడికి. పుచ్చుకుని దాచేవాడికి కాదు. యేసు పన్నెండుమంది శిష్యుల్లోనే డబ్బు సంచి ఒక్కడి చేతిలో ఉండి, అతను అందులోది దొంగిలించేవాడన్న సంగతిని యోహాను సువార్త దాచలేదు. యెరూషలేములో విధవరాండ్రకు అన్నం పంచడంలో పక్షపాతం ఉందని సణుగుడు పుట్టినప్పుడు, అపొస్తలులు ఫిర్యాదుదారుల నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు. నింద రాకుండా, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట ఉంచుకున్నాడు.

తెలుగు క్రైస్తవ చరిత్రలోనూ ఇలాంటి జాగ్రత్తకు ఆనవాళ్లున్నాయి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం పెట్టే చేతికి తినేవాడి మీద ఎంత పట్టు ఉంటుందో తెలిసి, తన చేతిని తానే కట్టేసుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ చెప్పుకుంటారు. దానికి ముందు జరిగిన ఈ ఆపుదల గురించి చెప్పేవారు తక్కువ. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య కానుక ఇవ్వడం మీదే ఒక పుస్తకం రాశాడు. పేద సంఘాలు సైతం తమ కాపరిని తామే పోషించుకోవాలని ఆయన పట్టుబట్టాడు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. మందిరం స్థలం, కట్టడం వ్యక్తి పేరు నుంచి రిజిస్టరైన సొసైటీకో ట్రస్టుకో మారాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైనది, అందుకే ముందు మొదలుపెట్టాల్సినది. ఆరాధన ముగియగానే పాస్టరు కుటుంబానికి చెందని ఇద్దరు కానుకలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకం చేయాలి. వారిలో ఒకరు స్త్రీ కావాలి. పౌలు కాలంలోనే కెంక్రేయ సంఘంలో ఫీబే అనే స్త్రీ పరిచారకురాలు. వంట బియ్యంలోంచి గుప్పెడు తీసి దేవుడికి పెట్టే తల్లికి ఆ గుప్పెడు ఎటు పోయిందో తెలియాలి. బ్యాంకు ఖాతా రెండు సంతకాలతో నడవాలి. సేవకుడి జీతం, పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యపు ఆసరా సంఘం తీర్మానంలోకి ఎక్కాలి. ఆయన తర్వాత ఎవరన్నది సంఘం నిర్ణయించాలి. సేవకుడి మీద ఆరోపణ వస్తే తిమోతికి పౌలు రాసినట్టు ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట వినాలి. రుజువైతే అందరి ముందు గద్దించాలి, కాకపోతే అంతటితో వదిలేయాలి.

మార్చి 31తో ముగిసే ఏటి జమాఖర్చులను ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రతి సంఘంలోనూ పైకి చదవాలి. చదివించమని సంఘం అడగక ముందే సేవకుడే లేచి అడగాలి.