లెక్కల పరీక్షకు గంటల లెక్కా?

ఫలితాల రుతువు వచ్చిందంటే మియాపూర్ కూడలి చుట్టూ ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటి మీద ఫోటో ఉంటుంది, అంకె ఉంటుంది. ఆ పిల్లవాడు లెక్కలు ఎలా నేర్చుకున్నాడన్నది మాత్రం ఉండదు. అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: “రోజుకు పద్నాలుగు గంటలు”. గణితాభ్యాసాన్ని గంటలతో కొలవడమే మనం చేస్తున్న మొదటి పొరపాటని నా అభిప్రాయం.

ముందు పరీక్ష స్వరూపం చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో మొదలైన ఎంసెట్, తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్ అయింది. ఇంజనీరింగు విభాగంలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అందులో 80 గణితానివే. అంటే సగటున ప్రశ్నకు నిమిషం పైచిలుకు. ఆ వ్యవధిలో విద్యార్థి చేయవలసిన మొదటి పని లెక్క కట్టడం కాదు, ఇది ఏ రకం లెక్కో గుర్తుపట్టడం. ఏ ప్రశ్న నెత్తినా అధ్యాయం పేరు రాసి ఉండదు కదా!

మన పిల్లల అభ్యాసం మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా సాగుతుంది. ఈ వారమంతా విభాగ సమాకలనం అంటే, వరుసగా యాభై లెక్కలూ ఆ పద్ధతివే. ఏ పద్ధతి వాడాలో శీర్షికే చెప్పేస్తుంది. చెయ్యి మాత్రమే పనిచేస్తుంది. ‘ఎక్స్ ఇంటూ ఇ పవర్ ఎక్స్’ను సమాకలనం చేయాలంటే విభాగ పద్ధతి కావాలి. ఆ ఘాతంలో ఎక్స్ బదులు ఎక్స్ స్క్వేర్ వస్తే, ప్రతిక్షేపణతో రెండు వరుసల్లో తేలిపోతుంది. చూపుకు కవలల్లాంటి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చేసినవాడికే తేడా పట్టుబడుతుంది.

అమెరికాలో రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్నే చూపింది. ఒకే రకం లెక్కలు వరుసగా చేసినవారు అభ్యాస సమయంలో 89 శాతం సరిగా చేశారు. కలగలిపి చేసినవారు 60 శాతమే. వారం తరువాత పరీక్ష పెడితే మొదటివారికి 20 శాతం, రెండోవారికి 63 శాతం వచ్చింది. సులువుగా సాగిన అభ్యాసం వారం కూడా నిలవలేదన్నమాట.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. ఎక్కాలు అప్పజెప్పించుకునే పెద్దలు వరుసలో విని ఊరుకునేవారు కారు. “ఏడెనిమిదులెంత?” అని మధ్యలోంచి అందుకునేవారు. పుస్తకం మూసి, వరుస తప్పించి అడగడమే అక్కడి కిటుకు. జవాబు పుస్తకం తెరిచి, సాధించిన లెక్కను చదువుకుంటూ పోతే అంతా తెలిసినట్టే ఉంటుంది. తెల్లకాగితం ముందు కూర్చుంటేనే తెలియనిదేమిటో తెలుస్తుంది.

మళ్ళీ చదవడం కంటే, చదివినది గుర్తు తెచ్చుకొని రాయడం వల్లే విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ చూపారు. ఆ లెక్కన కార్పొరేటు కళాశాలల వారాంతపు పరీక్ష నిజానికి మంచి పనిముట్టే. కానీ దాన్ని నేర్చుకోవడానికి కాక సెక్షన్లు విడదీయడానికి వాడితే ప్రయోజనమేమిటి? సోమవారం నాటికి మార్కుల జాబితా గోడకెక్కుతుంది. తప్పిన లెక్కను మళ్ళీ చేయించే తీరిక ఎవరికీ ఉండదు. పదహారేళ్ళ పిల్లవాడు “నాకు లెక్కలు రావు” అని జీవితాంతానికి సరిపడా తీర్పు రాసేసుకుంటాడు. అసలు నష్టం ఇదే. ర్యాంకు పోవడం దీనిముందు చిన్నది.

కనుక నా సూచనలు కొన్నే. తప్పిన లెక్కలకు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టాలి. జవాబుతో పాటు ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయాలి. దాన్ని మూడు రోజులకోసారి, తరువాత పదిరోజులకోసారి, చూడకుండా మళ్ళీ చేయాలి. రోజూ కొన్ని లెక్కలైనా పాత అధ్యాయాల నుండి కలగలిపి ఎంచుకోవాలి. పరీక్ష ముందురాత్రి కొత్త అధ్యాయం ముట్టుకోక నిద్రపోవాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. సాయంత్రం హాస్టలుకు ఫోను చేసినప్పుడు “ఎన్ని గంటలు చదివావు?” అనడం మాని, “ఇవాళ ఏ లెక్క దగ్గర ఆగిపోయావు నాన్నా?” అని అడిగి చూడండి. లెక్క మీకు రాకపోయినా ఫరవాలేదు. ఆగిపోవడం నేరం కాదని ఆ పిల్లవాడికి తెలిస్తే, మర్నాడు అక్కడి నుండే మొదలుపెడతాడు.