మొదటి చుట్టు తిరిగినవాడు

సైకిలు తొక్కడం రాని విద్యార్థి మన కళాశాలలో బహుశః ఉండడు. కాని సైకిలు తొక్కడం ఒక విద్య అని, ఆ విద్యలో ప్రపంచ విజేతలు ఉంటారని, ఆ విజేతలలో మన దేశపు కుర్రవాళ్ళు కూడ ఉన్నారని తెలిసినవారు ఎందరు? నిరుడు ఒకనాడు తరగతిలో ఈ ప్రశ్న అడిగాను. డెబ్బది మందిలో ఒక్క చేయి పైకి లేవలేదు. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. నాకు తెలిసినదీ ఆలస్యంగానే. తెలుసుకొనవలసి వచ్చిన కారణం కూడ నేను గర్వపడదగినది కాదు. ఆ సంగతి ముందుముందు మనవి చేస్తాను.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ అనే పేరుతో రెండు ఊళ్ళున్నవి. మనం తరచుగా వినేది పెద్ద విమానాశ్రయం గల మహానగరం. రెండవది తూర్పు సరిహద్దున ఓడర్ నది ఒడ్డున గల చిన్న పట్టణం. వంతెన దాటితే పోలండు. 2019 ఆగస్టులో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీలు ఈ రెండవ ఊరిలో జరిగినవి. 1975లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ప్రారంభమైన పోటీలివి. పదునేడు, పదునెనిమిది ఏండ్ల వయసు వారికి మాత్రమే ఇందులో ప్రవేశం. ఆ ఏడు 'టీమ్ స్ప్రింట్' అనే జట్టు పందెంలో ఆస్ట్రేలియాను, బ్రిటనును వెనుకకు నెట్టి భారతదేశం బంగారు పతకం గెలుచుకొన్నది. మనవారి కాలం 44.764 సెకన్లు. సైక్లింగు ప్రపంచ పోటీలలో మన దేశానికి దక్కిన మొట్టమొదటి బంగారం అదే. ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్, జేమ్ష్ సింగ్ — ఈ నలుగురి పేర్లు మన విద్యార్థుల నోట ఎన్నడైనా విన్నామా? క్రికెట్టు ఆటగాని జెర్సీ సంఖ్య అడిగితే తడుముకోకుండ చెప్పగల పిల్లలు వీరు!

ఈ పందెపు స్వరూపం తెలిస్తేనే ఆ విజయపు విలువ తెలుస్తుంది. ముందుగా సైకిలు సంగతి. చిన్నప్పుడు మా చిచ్చాకు బస్టాండు ప్రక్కన సైకిలు షాపు ఉండేది. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవారు. స్పోకులు బిగించి రిమ్ము బెండు తీస్తూ, "సైకిలుకు ప్రాణం బ్రేకుల్లో ఉందిరా, రెండో ప్రాణం ఫ్రీవీల్లో" అనేవారు. ఆ రెండూ లేని సైకిలును చూస్తే ఆయన ఏమనేవారో! ట్రాక్ పందెపు సైకిలుకు బ్రేకులుండవు. ఫ్రీవీలు ఉండదు. గేరు ఒక్కటే. చక్రం తిరుగుతున్నంత సేపు పెడలు తిరుగుతూనే ఉండాలి. కాళ్ళకు విశ్రాంతి లేదు. ఇక బాట సంగతి. వెలోడ్రోము అనే గుండ్రని ప్రాంగణంలో 250 మీటర్ల చెక్క బాట. మలుపులలో అది నలభై డిగ్రీలకు పైగా వాలి, ఇంటి పైకప్పు వలె నిటారుగా లేస్తుంది. వేగం తగ్గితే సైకిలు క్రిందికి జారుతుంది. వేగమే అక్కడ రక్షణ.

టీమ్ స్ప్రింట్ లో ముగ్గురు ఒకరి వెనుక ఒకరుగా మూడు చుట్లు తిరుగుతారు. మొత్తం 750 మీటర్లు. నిలిచిన చోటి నుండి బయలుదేరి నలభై అయిదు సెకన్లలో ఆ దూరం ముగించడమంటే సగటున గంటకు అరవై కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో అసలు ప్రత్యర్థి ప్రక్క జట్టు కాదు, గాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకొంటూ పోతాడు. వెనుకనున్నవారు అతని నీడలో బలాన్ని దాచుకొంటారు. మొదటివాడు ఒక్క చుట్టు తన శక్తినంతా వెచ్చించి, గీత దగ్గరకు రాగానే వాలు పైకి తొలగి రెండవవానికి దారి ఇస్తాడు. రెండవవాడు రెండవ చుట్టు లాగి తానూ తొలగుతాడు. మూడవవాడు చివరి చుట్టు ఒంటరిగా ముగిస్తాడు. గడియారం ఆగేది ఆ మూడవవాని చక్రం గీతను తాకినప్పుడే. తొలగడానికి కూడ నియమమున్నది. గీతకు ముందే తొలగితే తప్పు. గీత దాటి చాల దూరం అడ్డుగా నిలిచినా తప్పు. దశకూ దశకూ నడుమ ఒకరి బదులు మరొకరిని దింపే వీలున్నది గనుక ముగ్గురి పందెంలో నలుగురి పేర్లు చేరుతవి. మొదటి చుట్టు తిరిగినవాడు ముగింపు గీతను విజేతగా దాటడు. అయినా అతని మెడలోని పతకం తక్కినవారి పతకం కంటె ఒక్క తులమైనా తక్కువ తూగదు.

ఈ కుర్రవాళ్ళు ఎక్కడివారు? ఎసో ఆల్బెన్ అండమాన్ నికోబార్ దీవులవాడు. 2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవులను ముంచెత్తిన నాటికి మూడేండ్ల పసివాడు. 2018లో స్విట్జర్లాండులోని ఎయిగిల్ పట్టణంలో జరిగిన ఇవే పోటీలలో, జపానులో పుట్టిన 'కెయిరిన్' అనే పందెంలో వెండి పతకం తెచ్చాడు. రెప్పపాటు కూడ లేని తేడాతో నాడు బంగారం చేజారినది. మరుసటి ఏడు మిత్రులతో కలిసి దానిని తెచ్చాడు. తక్కిన ముగ్గురు మణిపురి బాలురు. ఎసో కంటె ముందు అదే దీవుల నుండి డెబోరా హెరాల్డ్ అనే అమ్మాయి వచ్చింది. తొమ్మిదేండ్ల వయసులో సునామీ నుండి బ్రతికి బయటపడిన ఆ బాలిక పెరిగి పెద్దదై దేశంలో పేరెన్నికగన్న సైక్లిస్టు అయింది. రాజధానికి వేలమైళ్ళ దూరాన సముద్రం నడుమనున్న దీవులు, కొండల నడుమనున్న మణిపురం — మన పటంలో అంచున ఉన్న ఈ చోట్ల నుండి ప్రపంచ విజేతలు వచ్చారు. అంచున ఉన్నామని, మన మాట ఎవరికి వినబడుతుందని నిట్టూర్చే అలవాటు మనకు గలదు. ఆ నిట్టూర్పుకు ఇంతకంటె మంచి సమాధానం నాకు కనబడలేదు.

మణిపురంలో 1999లో జాతీయ క్రీడలు జరిగినవి. ఇంఫాలులోని ఖుమన్ లంపాక్ క్రీడా ప్రాంగణంలో సైకిలు బాట ఉన్నది. హైదరాబాదులో 2002లో జాతీయ క్రీడలు జరిగినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక వెలోడ్రోము వెలసింది. అక్కడా ఒక బాట, ఇక్కడా ఒక బాట. అక్కడి నేల బిడ్డలు ముగ్గురు 2019లో ప్రపంచ విజేతలైనారు. ఇక్కడి మాటేమిటి? ఇతరులను అడుగను, నన్ను నేనే అడుగుకొంటాను. నేను ఎం.ఏ. చదివినది ఉస్మానియాలోనే. ఆ రెండేండ్లలో గ్రంథాలయానికి ఎన్ని వందల మార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ బాటను ఒక్కనాడైనా లోనికి వెళ్ళి చూడలేదు. కట్టడం ప్రభుత్వం కట్టగలదు. దానివైపు నడిపించే దారి విద్యాలయమే వేయాలి.

ఇప్పుడు వయసును గూర్చి ఆలోచించండి. జూనియర్ పోటీల వయసు పదునేడు, పదునెనిమిది. మన లెక్కలో అది ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం, డిగ్రీ మొదటి సంవత్సరం. శరీరం ఉక్కువలె గట్టిపడే ఆ రెండేండ్లనే మనం పిల్లల నుండి పూర్తిగా లాగుకొంటున్నాము. తెల్లవారక ముందే ట్యూషను, పగలంతా తరగతి, రాత్రి మళ్ళీ స్టడీ అవర్. కాలపట్టికలో 'క్రీడలు' అని రాసి ఉన్న గంటను సిలబసు పూర్తికాలేదని మేమే తీసుకొంటాము. తీసుకొన్నవారిలో నేనూ ఉన్నాను. ఆ ఏండ్లు గడిచిన తరువాత, "ఇక ఆడుకో నాయనా" అంటే ఏం లాభం? జూనియర్ పోటీల ద్వారం పందొమ్మిదవ ఏట మూసుకొంటుంది, మరల తెరుచుకోదు.

మొదట చెబుతానన్న సంగతి ఇదే. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పదకొండు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుండి రోజూ సైకిలుపై వచ్చేవాడు. ఎదురుగాలి ఉన్ననాడు కూడ మొదటి గంటకు ఆలస్యమయ్యేవాడు కాదు. ఒకనాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, జిల్లా సైక్లింగు ఎంపికకు వెళ్ళాలి, నాలుగు రోజులు సెలవు ఇప్పించండి సార్, అని అడిగాడు. అప్పటికి అతని హాజరు డెబ్బయి అయిదు శాతానికి అంచున ఉన్నది. హాజరు పట్టీ చూసే పని నాది. "సైకిలు తొక్కి ఏం సాధిస్తావు? పోస్టుమాను ఉద్యోగమా?" అన్నాను. ప్రక్కనున్నవారు నవ్వారు. అతడు కూడ నవ్వి, "సరే సార్" అని వెళ్ళిపోయాడు. సెలవు మళ్ళీ అడుగలేదు. పరీక్ష తప్పలేదు, రెండవ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. 2019 ఆగస్టులో ఆ బంగారు పతకం వార్త చదివినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆ గుమ్మం, ఆ నవ్వు. అతడు ప్రపంచ విజేత అయి ఉండేవాడని నేను అనను. జిల్లా ఎంపికలోనే వెనుకబడి ఉండవచ్చు. కాని వెనుకబడే అవకాశం కూడ నేను అతనికి ఇవ్వలేదు. నేను గీత దగ్గర తొలగలేదు. దారికి అడ్డుగా నిలిచాను.

దీనికి పెద్దలు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మన పిల్లలు పేదవారు, వారికి కావలసినది ఉద్యోగం, పతకం కాదు అంటారు. నిజమే, ఉద్యోగం కావాలి. అయితే రోజుకు నాలుగు గంటలు చెమటోడ్చి, ఓటమిని ఓర్చి, మళ్ళీ మరునాడు అదే బాటకు వచ్చే అలవాటు ఉద్యోగానికి ఏ విధంగా అడ్డం? రెండవ అభ్యంతరం ఖర్చు. పందెపు సైకిలు ఖరీదు సామాన్యుడు మోయలేడు, వెలోడ్రోము కళాశాల కట్టలేదు. ఇదీ నిజమే. అందుకే ఢిల్లీలో ఇందిరాగాంధీ స్టేడియంలో 2010 కామన్వెల్తు క్రీడల నాటి వెలోడ్రోము, అక్కడ జాతీయ శిక్షణ కేంద్రం ఉన్నవి. ఆ నలుగురు సానదేరినది అక్కడే. చివరి చుట్టు తిరగమని మనలను ఎవరూ అడుగడం లేదు. మొదటి చుట్టు మాత్రమే మనది.

మూడవ అభ్యంతరం గట్టిది. జూనియర్ పతకం తరువాత ఏమైనది అని అడుగుతారు. రొనాల్డో సింగ్ 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో పెద్దల విభాగంలో స్ప్రింట్ వెండి పతకం గెలిచాడు. అది గొప్ప ముందడుగు. అయినా ఒలింపిక్స్ లో 1964 టోక్యో తరువాత 2024 పారిస్ దాక ఒక్క భారతీయ సైక్లిస్టూ బరిలోకి దిగలేదు. ఇది దాచవలసిన నిజం కాదు. కాని దీని నుండి నేర్వవలసినది ప్రయత్నం వ్యర్థమని కాదు. నలుగురు పిల్లలపై ఒక దేశం భారం పెడితే అంతకంటె ఏం జరుగుతుంది? నాలుగు వందలమంది మొదటి చుట్టు తిరిగితే గదా నలుగురు చివరి చుట్టు దాక నిలిచేది!

కళాశాల పాలక సంఘం పెద్దలకు నా మనవి మూడు మాటలు. ఒకటి: జిల్లా, విశ్వవిద్యాలయ స్థాయి పోటీలకు, ఎంపికలకు వెళ్ళిన దినాలను హాజరుగా పరిగణించాలని తీర్మానం చేయండి, అది ఉపన్యాసకుని దయాదాక్షిణ్యాలపై ఆధారపడరాదు. రెండు: కాలపట్టికలోని క్రీడల గంటను ఏ సబ్జెక్టువారూ తీసుకొనరాదని ఉత్తరువు ఇవ్వండి; మొదట నా సబ్జెక్టుకే వర్తింపజేయండి. మూడు: సైకిలు స్టాండుకు రేకుల కప్పు, ఒక గాలి పంపు, నాలుగు పానాలు ఏర్పాటు చేయండి. నేడు మోటారు సైకిళ్ళకు నీడ ఉన్నది. సైకిళ్ళు గోడ వెనుక ఎండలో ఉన్నవి. సైకిలుపై వచ్చే విద్యార్థి దానిని గేటు బయట దాచి నడిచి లోనికి రావడం నేను కన్నాను. ఆ సిగ్గును అతనికి నేర్పినది మనమే. అమ్మాయిలు సైకిలుపై రావడానికి వెనుకాడితే ఆ సంకోచాన్ని పోగొట్టవలసిన బాధ్యత కూడ మనదే. ఆ ప్రపంచ పోటీలలో బాలికలకు కూడ పందెములున్నవి.

విద్యార్థి మిత్రులారా, మీకు ఒక్క మాట. మీలో ప్రతివారు సైక్లిస్టులు కానక్కరలేదు. కాని మీకు ఏ విద్యలో ఆసక్తి ఉన్నా, దానికై సెలవు అడుగవలసి వస్తే సంకోచింపక అడుగండి. మొదటిసారి కాదంటే రెండవసారి అడుగండి. "సరే సార్" అని నవ్వి వెళ్ళిపోకండి. స్టాఫ్ రూములో తలుపు ప్రక్కనున్న మొదటి కుర్చీ నాదే. ఈసారి ఎవరూ నవ్వరు.