యంత్రం ఎవరిది?

శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లికి సమీపంలోనే ధర్మవరం ఉంది. ధర్మవరం పేరు చెప్పగానే పట్టుచీర గుర్తుకు వస్తుంది. ఆ చీర అంచునూ కొంగునూ తీర్చిదిద్దే జాకార్డు మగ్గంపై చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా అమర్చి ఉంటాయి. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది; లేనిచోట లేవదు. మగ్గానికి ఆజ్ఞలిచ్చేవి ఆ చిల్లులే. ఫ్రాన్సు దేశీయుడైన జోసెఫ్ మారీ జాకార్డు 1804లో రూపొందించిన ఈ పద్ధతిని చూసే, చార్లెస్ బాబేజీ తాను తలపెట్టిన గణనయంత్రానికి అట్టలను వాడాలని భావించాడు. కనుక కంప్యూటరుకు మగ్గంతో చుట్టరికం ఉంది.

అయితే ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. నేతకారుని అట్టలు అతని కళ్ళెదుటే ఉంటాయి. ఒక అట్ట చిరిగితే దాని స్థానంలో మరొకటి కుట్టుకోవచ్చు. కొత్త పువ్వు కావాలంటే పనితెలిసినవారి చేత కొత్త అట్టలు కొట్టించుకోవచ్చు. కంప్యూటరు వాడేవారిలో చాలామందికి ఈ అవకాశం లేదు. దానిని నడిపించే ఆజ్ఞల సముదాయం, అనగా మూలసంకేతం, తయారుచేసిన సంస్థ వద్దనే రహస్యంగా ఉండిపోతుంది.

బత్తలపల్లి వంటి మండల కేంద్రంలో ఒక విద్యార్థి మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, హార్డ్‌డిస్కు విడివిడిగా కొని, ఇంటివద్దనే కంప్యూటరును కూర్చుకొన్నాడని ఊహించవచ్చు. అందులోని ప్రతి మరచుట్టూ అతనికి పరిచితమే. కాని దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కొనే స్తోమత లేక, ఎవరో ఇచ్చిన అనుమతి లేని ప్రతిని వేసుకొంటాడు. అది 1957 నాటి కాపీరైటు చట్టానికి విరుద్ధం. డబ్బిచ్చి కొన్నవారికైనా పూర్తి స్వాధీనత లభించదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. దాని తరువాతి విండోస్ 11, పాత యంత్రాలలో అనేకం తన నిబంధనలకు సరిపడవంటుంది. చక్కగా పనిచేస్తున్న యంత్రానికి వయసు మీరిందని నిర్ణయించే అధికారం యజమానికి గాక, ఎక్కడో ఉన్న సంస్థకు దక్కుతున్నది.

ఈ పరాధీనతను నాలుగు దశాబ్దాల క్రితమే గుర్తించినవాడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఎవరైనా వాడుకొనే, పరిశీలించి మార్చుకొనే, ఇతరులకు పంచే, మార్చినదానిని సైతం పంచే హక్కులుండాలని ఆయన 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నెల్‌ను వెలువరించాడు. మరుసటి సంవత్సరం దానిని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నుండి లినక్స్ పైనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉన్నది అదే.

ఆంగ్లంలోని ‘ఫ్రీ’ అనే పదానికి వెల లేనిదనీ, స్వేచ్ఛ గలదనీ రెండర్థాలు. తెలుగులో ఆ సందిగ్ధం లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరునే ఎంచుకొని, విద్యార్థుల తోడ్పాటుతో తెలుగు మాటలతో కూడిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ 2007లో భారతీయ భాషలకు అనువైన ‘బాస్’ లినక్స్‌ను విడుదల చేసింది. కేరళ ప్రభుత్వం తన పాఠశాలలలో కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆధారంగానే సాగిస్తున్నది.

ఈ మార్గంలో ఇబ్బందులు లేవనడం సత్యం కాదు. కొన్ని ప్రింటర్లు తొలి యత్నంలో పలుకవు. తెలుగు ముద్రణాలయాలు ఏళ్ళ తరబడి వాడిన పాత అను ఫాంట్ల ప్రతులు యూనికోడ్‌కు మార్చనిదే సరిగా చదవడానికి వీలుపడవు. వాణిజ్య సంస్థలు కోరే కొన్ని సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో లభించవు. కనుక తొందరపాటు తగదు. ముందుగా తన పత్రాలన్నింటినీ వేరొకచోట భద్రపరచుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్‌ను ఉంచి, హార్డ్‌డిస్కును తాకకుండానే కొన్నాళ్ళు నడిపి చూడవచ్చు. అవసరమైతే రెండు వ్యవస్థలనూ ఒకే యంత్రంలో ఉంచుకోవచ్చు. లేఖలకూ లెక్కలకూ లిబ్రె ఆఫీసు, అంతర్జాల వీక్షణకు ఫైర్‌ఫాక్స్ చాలినంత సమర్థమైనవి.

చిక్కు వచ్చినపుడు కారణం వెదకడానికి ఇక్కడ తలుపులు తెరిచి ఉన్నాయి. ఒకరు కనుగొన్న పరిష్కారం ఇతరులందరికీ అందుతుంది. అయితే స్వేచ్ఛతోపాటు బాధ్యత కూడా వస్తుంది. పొందినవాడు తిరిగి ఇవ్వడం నేర్వాలి. ప్రోగ్రాము రాయలేని విద్యార్థి సైతం తెరమీది ఒక ఆంగ్ల పదానికి తగిన తెలుగు మాటను సూచించవచ్చు. కనిపించిన ఒక దోషాన్ని తెలియజేయవచ్చు. పక్కింటివారి పాత కంప్యూటరుకు ప్రాణం పోయవచ్చు. కంప్యూటరును కేవలం వాడేవాడు కొనుగోలుదారుగానే మిగిలిపోతాడు. దాని లోపలి అట్టలను విప్పి చూడగలిగిననాడే అతడు ధర్మవరం నేతకారునివలె తన యంత్రానికి యజమాని కాగలుగుతాడు.