కార్డుకు ప్రాణము వ్రాతయే

పాత తపాలా కార్డులను కూర్చువారు నేడు పెక్కుమంది కలరు. అది సంతోషింపదగిన విషయమే. కాని వారి బేరములను గమనించినవారికి ఒక వింత తోచకమానదు. కోటబొమ్మ గల కార్డుకు వెల గలదు. విక్టోరియా రాణి ముద్ర గల కార్డుకు వెల గలదు. గొలుసుకట్టు తెలుగు వ్రాతతో నిండిన కార్డు మాత్రము “మాసినది” అనిపించుకొనుచున్నది. ఈ లెక్క తప్పని మనవి చేయుటకే ఈ వ్యాసము.

బళ్ళారి చెంతనున్న సంగనకల్లు, కప్పగల్లు కొండలను మనమందరము ఎరుగుదుము. అచ్చటి నల్లరాళ్ళపై మూపురపు టెద్దుల బొమ్మలు నవశిలాయుగము నాటినుండి కలవు. 1892లో ఫాసెట్ వాటినిగూర్చి వ్రాసెను. 2004లో నికోల్ బోవిన్, కొట్టిన గంటవలె మ్రోగు అచ్చటి బండలకును ఆ బొమ్మలకును గల పొత్తును చర్చించెను. పండితులు నేటికిని ఊహించుచునే యున్నారు. ఏల? చెక్కినవాడు బొమ్మ నిచ్చెనేగాని మాట నీయలేదు. మన పెద్దలు బొమ్మతో మాటను గూడ నిచ్చిపోయిరి. అట్టిదానిని పాతకాగితములవానికి తూచి యిచ్చుట ఏపాటి వివేకము?

మన దేశమున తపాలా కార్డు 1879 జూలై 1వ తేదీన కాలణా వెలతో వెలువడినది. చోటు స్వల్పము; కావున ప్రతి పొడియక్షరమును ఒక మర్యాదను మోసినది. “మ.రా.రా.శ్రీ” అన్న పెద్దవారు, “చి.ల.సౌ.” అన్న ముత్తైదువయగు చిన్నది. మూలను పసుపున్న శుభవార్త. ఇక తేదీ యొక చిక్కుముడి. “విజయ సం॥ భాద్రపద బహుళము” అని మాత్రమే యున్నచో అది 1893 కావచ్చును, 1953 కావచ్చును. ముద్రపై రాణి యున్నచో మొదటిది. రెండవదైనచో, బళ్ళారి మద్రాసు రాష్ట్రమును వీడి మైసూరున చేరిన 1953 అక్టోబరు 1వ తేదీ పరిసరములదే యగును. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు పోయినవి. వియ్యపువారు రెండు రాష్ట్రములవారైరి. సరిహద్దు వాదములు నివేదికలలో నున్నవి. కూతురి అత్తవారి యూరు పరరాష్ట్రమైననాడు తల్లి యేమనుకొన్నదో నివేదికలలో లేదు. ఉన్నచో కార్డునందే యుండవలెను.

అట్లే ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవగారు వెలసిన చోటిది. వారి నాటకముల పేర్లు గ్రంథములలో కలవు. నాటకము చూచి తెల్లవారుజామున ఇల్లు చేరినవాడు బావమరదికి ఏమి వ్రాసెనో చెప్పు గ్రంథ మేది?

దీనికి మూడాక్షేపణలు వినవచ్చుచున్నవి. పరుల జాబులు చదువరాదందురు. కార్డు విప్పియున్న జాబు. రహస్యమును మన పెద్దలు కవరులో నంటించిరి. అయినను ఇంటి గుట్టును ఇంటివారి అనుమతి లేక అచ్చువేయకున్న చాలును. అశుభవార్తగల కార్డు ఇంట నుంచరాదందురు. ఆచారమును కాదనము, పాఠమును నోటుపుస్తకమున ఎత్తి వ్రాసి, పిమ్మట ఆచారము నడుపుకొనవచ్చును. పిల్లలకు తెలుగు చదువరాదు, ఎవరికై దాచవలెనందురు. ఇది దాచుటకే కారణము. కన్నడ లిపి నేర్చిన బిడ్డకు తెలుగు లిపి పరాయిది కాదు. కొలది కాలమున పట్టుబడును. గొలుసుకట్టు చదువగల తాతలు, అవ్వలు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. కార్డు పెట్టెలో నిలిచినను, చదువువారు లేనినాడు అదియు కప్పగల్లు బండవంటిదే.

కావున ఉగాదినాడు సన్మానములును ఫలహారములును జరిపిన మాత్రాన భాషాసేవ ముగిసినదని మన సంఘములు తలంపరాదు. నెలకొక దినము పెద్దలు చదువగా పిల్లలు వ్రాయుదురు గాక. ఎవరు, ఎవరికి, ఏ యూరినుండి వ్రాసిరో పక్కనే గుర్తింపవలెను. ముద్రకొరకు కార్డును కత్తిరింపకుడు. బొమ్మ ముచ్చటగా నున్నదని అద్దము కట్టింపకుడు; వ్రాత గోడవైపునకు పోవును. అమ్మక తప్పనిచో, పాఠమును ఎత్తి వ్రాసికొనిన పిదపనే అమ్ముడు.